చాప ఎత్తే చెయ్యి

పొద్దు నడినెత్తికి వస్తోంది. పక్క ఊళ్ళో చాప ఇంకా లేవలేదు.

ఆ కబురు తెచ్చింది బస్సు డ్రైవరు. పాటల మోతతో దీవంతా అదరగొడుతూ తిరిగే మనిషి, ఈ ఇంటి ముందుకి రాగానే పాట ఆపేశాడు. కిటికీలోంచి తల బయటపెట్టి, ఎనెలికో ఇంకా వాకిట్లోనే కూర్చుని ఉన్నాడనీ, ఆ ఊరి పెద్దాయన ఇంట్లోంచి పిట్ట కూడా బయటికి రాలేదనీ చెప్పి, మళ్ళీ పాట పెట్టకుండానే వెళ్ళిపోయాడు. ఆ బస్సు అంత నిశ్శబ్దంగా వెళ్ళడం ఫువాతినో ఎప్పుడూ చూడలేదు.

ఆమె మొగుడు ఎనెలికో తెల్లారకముందే బయల్దేరాడు. వంశంలో అన్నిటికన్నా పాతదైన సన్నచాప నెత్తి మీంచి కప్పుకుని, పొయ్యిరాళ్ళూ కట్టెలూ ముందు పెట్టుకుని, పెద్దాయన వాకిట్లో తల వంచుకుని కూర్చున్నాడు. తప్పు మాది, కాల్చుకు తింటారో ఏం చేస్తారో మీ ఇష్టం, అని ఆ రాళ్ళకీ కట్టెలకీ అర్థం. ఇక చాప కింద ఉన్న మనిషి మాట్లాడకూడదు, కదలకూడదు, తల ఎత్తి చూడకూడదు. అవమానం పడ్డవాళ్ళు వచ్చి తమ చేత్తో చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే ఎండ ఎండే, వాన వానే.

వంశపెద్దకిచ్చే మతాయి పదవి వచ్చి పట్టుమని పది రోజులు కాలేదు. పదవితో వచ్చిన కొత్త పేరు ఇంకా ఎవరి నోటా తిరగనేలేదు. అప్పుడే చాప కిందికి చేరాడు పాపం.

కూతురి మూలంగా. ఆ పదవి పండుగ రోజున, మతాయిలంతా స్తంభాలకి ఆనుకుని చుట్టూ కూర్చుంటే, మధ్యలో గిన్నె ముందు కూర్చుని అవా వేరు పానీయం కలిపే మర్యాద సులియేతికి దక్కింది. పద్నాలుగేళ్ళ పిల్ల. కలిపేటప్పుడు బొమ్మలా కూర్చోవాలి, రెప్ప కూడా ఊరికే ఆడించకూడదు. పిప్పి పట్టిన పీచుముద్దని భుజం మీంచి వెనక్కి విసిరితే అక్కడ నిలబడ్డవాడు దులిపి ఇస్తాడు. సులియేతి విసిరింది. అది వెనక్కి పోలేదు. ఎదురుగా వెళ్ళి పక్క ఊరి పెద్దాయన మొహాన తడిగా పడింది. సభంతా కొయ్యబారిపోతే, ఆ పిల్ల మూతి ఓ పక్కకి తిప్పి, నాలుక బయటికి చాపి, లోపలికి లాక్కుంది. ఆ పైన నవ్వింది కూడా.

అంతే. ఆ నవ్వుతో ఇంటి పరువు బజారున పడింది.

"నా తమ్ముడు అక్కడ ఎండలో మాడిపోతున్నాడు," అంది మాసెలె విసనకర్ర ఆడిస్తూ. "నీ కూతురు ఇక్కడ నీడలో ముడుచుకు పడుకుంది."

మాసెలె ఎనెలికో అక్క. సవాయీ దీవిలో తమ్ముడికి అక్క మాటంటే దేవుడి మాట తర్వాతది. కొన్ని ఇళ్ళల్లో ముందుది. ఆవిడ ఉసురు తగిలితే తమ్ముడి వంశం నిలవదని ఇప్పటికీ జనం భయం. ఫువాతినో చూడబోతే వేరే ఊరి నుంచి వచ్చిన కోడలు, మొగుడి ఇంట్లో పొయ్యి దగ్గరే తెల్లారి పొయ్యి దగ్గరే పొద్దుగూకే మనిషి. మొన్నటిదాకా సులియేతి 'మా రక్తం'. మతాయిల ముందు కూర్చోబెట్టేటప్పుడు 'మా మేనకోడలు'. ఇవాళ 'నీ కూతురు' అయింది. ఆ తేడా ఫువాతినోకి తెలియకపోలేదు. తెలిసినా ఏం చేస్తుంది, నోరు విప్పితే గోడల్లేని ఇల్లాయె. ఇక్కడ గట్టిగా గాలి పీలిస్తే నాలుగో ఇంటివాళ్ళు ఏమైందని అడుగుతారు.

"నిన్న రాళ్ళు మోసి అలిసిపోయింది వదినగారూ," అంది మెల్లగా.

పొయ్యిరాళ్ళు సముద్రపుటొడ్డు నుంచి మోసి తెచ్చింది సులియేతే. తప్పు చేసిన చేతులే మొయ్యాలని మాసెలె హుకుం. మోస్తూ మూడుచోట్ల కూలబడింది పిల్ల. రొప్పుతోంటే చూసి, రొప్పడం కూడా బాగా నేర్చింది, అంది మేనత్త.

ఇప్పుడు ఆ మేనత్త అసలు సంగతి బయటపెట్టింది. రేపటి ఓడలో సులియేతిని రాజధాని దీవికి పంపేస్తారు. అక్కడ తమకి దూరపు చుట్టం ఒకాయనకి అరటి, టారో తోటలున్నాయి. ఇల్లు ఊడవడానికీ పందుల్ని చూడటానికీ మనిషి కావాలట. రెండేళ్ళు అక్కడుంటే పొగరు దిగుతుంది, ఈలోపు ఊరు కూడా మరిచిపోతుంది. ఎనెలికోని అడగక్కర్లేదు, వాడు కాదనడు.

ఇప్పుడైనా ఫువాతినో నోరు విప్పాలి. ఏదో ఒకటి అనాలి. అనాలనుకున్న మాట వారంగా నోటి చివరే ఉంది.

"దాని చేతులు వాటంతటవే కదులుతున్నాయేమో అనిపిస్తోంది వదినగారూ. ఏదన్నా జబ్బేమో."

మాసెలె విసనకర్ర ఆగింది. "జబ్బయితే నిద్రలో ఎందుకు లేదు? మొన్న మధ్యాహ్నం నేను పక్కనే కూర్చుని చూశాను. ఒక్క వేలు కదల్లేదు. కళ్ళు తెరిచి నన్ను చూసిందా, మొదలెట్టింది. చూసేవాళ్ళుంటేనే దాని వేషాలన్నీ. అలాంటి జబ్బు మా వంశంలో ఎవరికీ లేదు. మీ వైపు ఉంటే నాకు తెలీదు."

అది ఫువాతినో కూడా చూసింది. నిద్రలో ఆ చేతులు చంటిపిల్ల చేతుల్లా చాప మీద పడి ఉంటాయి. అదిగో, ఆ మాట దగ్గరే ఆమె కూడా ఓడిపోయింది. కూతురు అబద్ధమాడుతోందని నమ్మింది.

నమ్మి ఊరుకుందా? పండుగ నాటి సాయంత్రం, అతిథులు వెళ్ళిపోయాక, మాసెలె ఏమీ చెయ్యమనలేదు. ఒక్కటే అడిగింది, మీ వైపు పిల్లల్ని ఇలాగే పెంచుతారా అని. ఆ ఒక్క మాటకి ఫువాతినో లేచి వెళ్ళి కత్తెర తెచ్చింది. నడుం దాటి కిందికి దిగే జుట్టు. కొబ్బరినూనె రాసి రాసి పుట్టినప్పట్నుంచీ తన చేతులతో పెంచిన జుట్టు. నలుగురూ చూస్తుండగా పట్టుకుని పరపరా కోసేసింది.

"నేను కాదమ్మా," అంది అప్పుడు సులియేతి. "చెయ్యి."

"చెయ్యి నీది కాదా మరి?" అంది తను.

అంతే, ఆ తర్వాత ఆ పిల్ల తల్లితో మాట్లాడలేదు. ఒక్క మాట అంటే ఒక్క మాట. కోసిన జుట్టుని మాసెలె జడ అల్లి గుడ్డలో చుట్టి దాచింది. పండుగ కిరీటానికి పనికొస్తుందట, సులియేతి స్థానంలో ఇకమీదట కూర్చోబోయే పిల్లకి.

ఇదంతా మనసులో తిరుగుతోంటే ఫువాతినో కూర్చోలేకపోయింది. పొయ్యి దగ్గరికి పోయి, కాచిన కోకో ఒక కప్పులో పోసి, చాప మీద ముడుచుకున్న కూతురి దగ్గరికి వెళ్ళింది. పొద్దున్నుంచీ పిల్ల ఏమీ తినలేదు.

"లే తల్లీ. రెండు చేతులతో పట్టుకో."

సులియేతి లేచి కూర్చుంది. తల ఎక్కడికక్కడ మొక్కలు పీకిన మడిలా ఉంది. కప్పుని రెండు చేతులా అందుకుంది, జాగ్రత్తగా, పెదవి కొరుక్కుంటూ. పెదవి దాకా తెచ్చింది. అంతలో కుడి మోచెయ్యి ఎవరో వెనకనుంచి గుంజినట్టు లేచింది. మరిగే కోకో ఎడమచేతి మీదా, మెడ మీదా పడింది. కప్పు దొర్లుకుంటూ పోయి మాసెలె చీలమండకి తగిలి ఆగింది.

పిల్ల అరవలేదు. మొహం ఒకసారి ముడుచుకుంది, ఒకసారి విచ్చుకుంది, పళ్ళు కనపడ్డాయి. చూసేవాళ్ళకి అది నవ్వే. కళ్ళలోంచి మాత్రం నీళ్ళు ధారగా కారుతున్నాయి.

"చూశావా," అంది మాసెలె లేస్తూ. "నా ముందే."

ఫువాతినో ఆవిడ వైపు చూడలేదు. కూతురి మణికట్టు మీద తోలు తెల్లగా పొంగుతోంది. అంత కాలినా పిల్ల మొహాన్ని తన అదుపులో పెట్టుకోలేకపోతోంది. ఎవరి కోసం వేస్తారు ఇలాంటి వేషం? ఆ ప్రశ్న వారం కిందట ఎందుకు రాలేదో ఆమెకి తెలీదు.

"దీన్ని ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను," అంది. తీసుకెళ్ళనా అని అడగలేదు. ఆ ఇంట్లో ఆమె అడక్కుండా చేసిన మొదటి పని అదే.

మాసెలె విసనకర్ర సంచిలో పెట్టుకుంది. "నేనూ వస్తాను. డాక్టరమ్మకి నీ కూతురు ఏం చెబుతుందో నాకు తెలీదు. నిజం చెప్పేవాళ్ళు ఒకరుండాలి కదా."

ఆసుపత్రిలో ఉంచేస్తే కింద పడుకోవడానికని ఫువాతినో పడకచాప చుట్టి చంకన పెట్టుకుంది. ఊళ్ళు చుట్టి తిరిగొచ్చిన అదే బస్సులో ముగ్గురూ పక్కపక్కనే కూర్చున్నారు. డ్రైవరు ఈసారీ పాట పెట్టలేదు. ఇద్దరి మధ్య కూర్చున్న సులియేతి అరటాకు కప్పిన ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని, కుడిచేతిని తొడ కింద అణచిపెట్టుకుంది. ఫువాతినో అది చూసింది. ఇంతకు ముందు కూడా చూసింది. అప్పుడు మొండితనమనుకుంది.

దారిలో పెద్దాయన ఇల్లు వచ్చింది. వాకిట్లో ఎండ కణకణలాడుతోంది. మధ్యలో చాప, దాని కింద గుట్టలా ఒక మనిషి. మాసెలె కళ్ళు మూసుకుని పెదవులు కదిపింది. సులియేతి మాత్రం బస్సు మలుపు తిరిగేదాకా తండ్రినే చూస్తూ ఉంది.

*

డాక్టర్ లూపె ఆ దీవి మనిషే. నెరిసిన జుట్టు, కాళ్ళకి రబ్బరు చెప్పులు, నిదానం. కాలిన చోట కడిగి, మందు రాసి, గుడ్డ చుట్టడం మొదలుపెట్టింది.

"కదలకు తల్లీ," అంది.

చెయ్యి కదిలింది. గుడ్డ జారింది. మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ అదే మాట అంది. మళ్ళీ జారింది. ఈసారి ఆవిడ ఆ మాట అనలేదు. గుడ్డ పక్కన పెట్టేసి, స్టూలు కాస్త వెనక్కి జరుపుకుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని సులియేతిని చూస్తూ కూర్చుంది. అలా ఎంతసేపు కూర్చుందంటే మాసెలెకి విసుగొచ్చింది.

విసుగొచ్చి తనే అందుకుంది. ఇది పొగరనీ, నిండు సభలో తమ తల తీసేసిందనీ, ఈ కోకో కూడా కావాలని ఒలకబోసుకున్నదేననీ చెప్పుకొచ్చింది. డాక్టరమ్మ ఆవిడ వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, ఇంకా చెప్పండి పెద్దమ్మా అంది. మాసెలెకి ఉత్సాహం వచ్చింది. మూతి తిప్పడం, నాలుక చాపడం. ప్రార్థన మధ్యలో నవ్వడం, నవ్వు పూర్తికాకుండానే ఏడవడం. బడిలో రాసినదంతా కోడి గెలికినట్టుండటం. మందలిస్తే ఎక్కువ చెయ్యడం, నలుగురు చూస్తే మరీ ఎక్కువ చెయ్యడం.

"నిద్రలో?" అంది డాక్టర్ లూపె.

"అదే కదా చెప్పబోతున్నాను. నిద్రలో వేలైనా కదలదు. నా కళ్ళతో చూశాను."

"బాగా చూశారా?"

"పక్కనే కూర్చుని చూశాను. ఎవరి ముందైనా చెబుతాను."

డాక్టరమ్మ తల ఊపింది. "మరి మెలకువగా ఉండి, చుట్టూ ఎవరూ లేనప్పుడో?"

మాసెలె ఆగింది. ఎవరూ లేనప్పుడు ఎలా ఉంటుందో ఎవరికి తెలుస్తుంది అంది.

"చేతుల మీద కూర్చుంటుంది," అంది ఫువాతినో. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంటుంది. వంటపాక లోంచి నేను చూశాను. అణుచుకుంటుంది, అయినా భుజాలు ఎగురుతూనే ఉంటాయి."

చూశాను అని చెప్పాక గానీ, చూసి కూడా ఊరుకున్నానని తనకి అర్థం కాలేదు. సులియేతి మొదటిసారి తల తిప్పి తల్లి వైపు చూసింది.

డాక్టర్ లూపె తన రెండు వేళ్ళు పిల్ల కుడిచేతికి ఇచ్చి, గట్టిగా పట్టుకో, నేను చెప్పేదాకా వదలకు అంది. సులియేతి పట్టుకుంది. ఆ పిడికిలి బిగుసుకుంటోంది, వదులవుతోంది, మళ్ళీ బిగుసుకుంటోంది, కొబ్బరికోరు పిండి పాలు తీస్తున్నట్టు. నాలుక బయటపెట్టి అలాగే ఉంచమంది. పెట్టింది. నిలవలేదు, గభాలున లోపలికి పోయింది. చేతులు రెండూ తల పైకెత్తమంటే ఎత్తింది. అరచేతులు వాటంతటవే వెలుపలికి తిరిగిపోయాయి. చెప్పిన ప్రతి పనీ చేసింది ఆ పిల్ల, పెదవి కొరుక్కుంటూ. ఒక్కదాంట్లోనూ పొగరు లేదు. అది మాసెలె కూడా చూసింది. చూసి సంచిలో విసనకర్ర కోసం వెతుక్కుంది.

"సులియేతీ," అంది డాక్టరమ్మ. "ఇదంతా నువ్వు చేస్తున్నది కాదని నాకు తెలుసు."

పిల్ల మొహం ముక్కలు ముక్కలైపోయింది. ఏడుపొచ్చింది, మాట రాబోయింది, నాలుక మడతపడి ఏదో శబ్దం మాత్రం వచ్చింది. మళ్ళీ నోరు మూసేసుకుంది.

"మాట కూడా తడబడుతోంది," అంది డాక్టరమ్మ తల్లితో. "ఎప్పట్నుంచి మాట్లాడటం మానేసింది?"

ఫువాతినో వారంగా ఆ మౌనాన్ని తన మీద కోపమనుకుంది. కోపమేనా, లేక మాట్లాడితే దానికి కూడా దెబ్బలు పడతాయని దాచుకుందా? అడిగి తెలుసుకునే దారి తనే మూసేసుకుంది.

తర్వాత డాక్టరమ్మ గొంతునొప్పి గురించి అడిగింది. కిందటి నెలల్లో ఎప్పుడైనా వచ్చిందా అని. వచ్చింది. చర్చిలో పిల్లల ఆదివారం పండుగకి పాటలు నేర్చుకుంటున్న రోజుల్లో గొంతు పట్టేసిందంది. పాడటం తప్పించుకోడానికే అన్నారు ఇంట్లో. తర్వాత మోకాళ్ళు వాచాయి, నడవలేనంది. ముసలమ్మ చేత నూనె పెట్టి తోమించారు. తగ్గిపోయింది.

"తగ్గినట్టు కనపడింది," అంది డాక్టర్ లూపె.

అని, గొట్టం చెవులకి పెట్టుకుని పిల్ల గుండె మీద ఆనించింది. విన్నది. కాస్త పక్కకి జరిపి విన్నది. ఎడమవైపుకి ఒత్తిగిల్లమని చెప్పి, చంక కింద పెట్టి, కళ్ళు మూసుకుని మళ్ళీ విన్నది. బయట నడవాలో ఎవరి చంటిబిడ్డో ఏడుస్తోంది. ఫువాతినో డాక్టరమ్మ మొహమే చూస్తోంది. ఆ మొహం మారలేదు. మారకుండా ఉండటానికి ఆవిడ పడుతున్న అవస్థ మాత్రం తల్లికి కనపడింది.

అన్నీ అయ్యాక ముగ్గురికీ కలిపి చెప్పింది. గొంతులో వచ్చిన జబ్బుతో ఒళ్ళు పోట్లాడింది. గెలిచింది. కానీ ఆ పోట్లాట ఆపడం మర్చిపోయి తన మీదికే తిరిగింది. ముందు మోకాళ్ళ మీద పడింది. ఇప్పుడు మెదడు మీద పడింది, అందుకే ఈ చేతులూ, ఈ నాలుకా, ఈ నవ్వూ. మెలకువలో ఆగవు, ఎవరైనా చూస్తే, భయపెడితే ఎక్కువవుతాయి, నిద్రపోతే ఆగిపోతాయి. ఈ జబ్బు గుర్తే అది.

"ఇదే జబ్బు గుండె మీద పడ్డ పిల్లలు నా దగ్గరికి రాని వారం లేదు. ఇలా చేతుల్లోంచి బయటపడటం మాత్రం అరుదు. నేను చూసింది చాలా తక్కువ. చాలామంది పిల్లల్ని కొట్టి ఊరుకుంటారు, మా దాకా రారు. మీరు చెప్పినంత వివరంగా నాకు ఎవరూ చెప్పలేదు పెద్దమ్మా. సగం రోగం మీరే పట్టించారు."

ఆవిడ దెప్పుతూ అనలేదు. నిజంగానే అంది. మాసెలె మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇంటి నుంచి ఒక్కొక్కటీ ఏరి తెచ్చి పిల్ల మీద మోపిన నేరాలన్నీ ఆ బల్ల మీద జబ్బుగా మారి కూర్చున్నాయి.

"చేతులు..." అంది ఫువాతినో.

"నెమ్మదిస్తాయి. కొన్ని నెలలు పడుతుంది, కానీ నెమ్మదిస్తాయి." డాక్టర్ లూపె చెవి గొట్టం తీసి బల్ల మీద పెట్టింది. "నేను గుండె అన్నానే, దాని సంగతి వేరమ్మా. గుండెలో తలుపులుంటాయి. ఒకటి సరిగ్గా మూసుకోవడం లేదు. నెత్తురు వెనక్కి వస్తోంది. ఎంత పాడైందో చూసే యంత్రం రాజధాని దీవిలో ఉంది. రేపటి ఓడలో పంపిస్తాను. నెలనెలా సూది వేయించుకోవాలి, ఏళ్ళ తరబడి. ఈలోపు మంచం దిగకూడదు. బరువు అసలు ఎత్తకూడదు."

రేపటి ఓడ. అదే ఓడ.

"ఈమధ్య బరువు పనులేమైనా చేసిందా?" అంది డాక్టరమ్మ మామూలుగా.

మాసెలె నేల చూస్తోంది. ఫువాతినో కళ్ళ ముందు నిన్నటి ఒడ్డు కనపడింది. నల్లటి రాళ్ళు, వంగిన చిన్న వీపు, మూడుచోట్ల కూలబడటం. కూలబడ్డ ప్రతిసారీ తను చూస్తూ నిలబడటం.

"రాళ్ళు మోసింది," అంది చివరికి. "మేమే మోయించాం."

డాక్టర్ లూపె ఏమీ అనలేదు. అంటే బాగుండు అనిపించింది ఫువాతినోకి. తిడితే బాగుండు.

"వారం ముందు తెచ్చి ఉంటే?" అని అడిగింది, అడక్కుండా ఉండలేక.

"వారంలో పెద్ద తేడా ఏముండదమ్మా. ఆ గొంతునొప్పి అప్పుడే..." అని ఆవిడ ఆగిపోయింది. పిల్ల వింటోందని గుర్తొచ్చినట్టుంది. లేచి, ఎడమచేతికి వదిలేసిన గుడ్డ తీసుకుని, ఈసారి కదలొద్దని చెప్పకుండా, చెయ్యి ఎటు పోతే అటు తన చెయ్యి పోనిస్తూ ఓపిగ్గా కట్టు కట్టింది.

*

వార్డులో మంచం ఇచ్చారు. సులియేతి వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తోంది. తెల్ల దుప్పటి కింద కాళ్ళు ఎగురుతున్నాయి. పక్క మంచాల వాళ్ళు ఆ కత్తిరించిన తల వంక చూసి చూపు తిప్పుకుంటున్నారు. ఈ దీవుల్లో పిల్ల తల అలా ఉందంటే ఏం జరిగిందో ఎవరికీ చెప్పక్కర్లేదు.

మాసెలె ఫోను మోగింది. ఆవిడ నిలబడే మాట్లాడింది. ఊఁ అంది, ఎప్పుడు అంది, దేవుడికి స్తోత్రం అంది.

"చాప ఎత్తారట," అంది. "పెద్దాయనే వచ్చి ఎత్తాడట. మీ నాన్నని లేపి లోపలికి తీసుకెళ్ళి అన్నం పెట్టారట. నిన్ను క్షమించానని చెప్పమన్నాడట."

ఆఖరి మాట అంటూంటే సగంలోనే ఆవిడ గొంతు పడిపోయింది. క్షమించాడు. దేనికి? సులియేతి మొహం గోడ వైపు తిప్పుకుంది.

ఫువాతినోకి ఒక్కసారి ఒళ్ళు మండింది. ఆ మంట మాసెలె మీదనుకుంది, పెద్దాయన మీదనుకుంది, చివరికి తిరిగి తిరిగి తన దగ్గరికే వచ్చింది. వీళ్ళెవరూ కత్తెర పట్టలేదు. చెయ్యి నీది కాదా అని అడిగింది వీళ్ళెవరూ కాదు. పిల్ల నిజం చెప్పింది ఒక్కళ్ళకే, ఆ ఒక్కళ్ళూ కన్నతల్లే.

తప్పు చేసిందని అనుకున్న పిల్ల కోసం ఇంటిపెద్ద పొద్దుటి నుంచి చాప కింద కూర్చున్నాడు. తప్పు చెయ్యని పిల్ల ముందు ఎవరు కూర్చోవాలి?

ఆమె మంచం కింద చుట్టి పెట్టిన పడకచాప లాగింది. అదేం సన్నచాప కాదు. వంశం పేరూ లేదు, ఈకల అంచూ లేదు. చెమట మరకలున్న, మూల చిరిగిన చాప. విప్పి, మంచం ముందు సిమెంటు నేల మీద మోకాళ్ళు మడుచుకుని కూర్చుని, తల వంచి, నెత్తి మీంచి కప్పేసుకుంది.

వార్డులో మాటలు ఆగిపోయాయి. ఎక్కడో ఒక చెంచా కిందపడిన చప్పుడు.

"ఫువాతినో." మాసెలె గొంతు. "ఏం పనిది. లే. తల్లి బిడ్డ ముందు కూర్చోవడం ఎక్కడైనా ఉందా? లే, అందరూ చూస్తున్నారు."

ఫువాతినో లేవలేదు. చాప కింద ఉన్నవాళ్ళు మాట్లాడకూడదు. మాసెలె ఇంకోసారి పేరు పెట్టి పిలిచింది, ఈసారి మెల్లగా. ఆ పైన పిలవలేదు. ఆవిడ అడుగుల చప్పుడు నడవా వైపు వెళ్ళి, తలుపు దగ్గర ఆగిపోయింది.

చాప కింద చీకటి. తన ఊపిరి తనకే వేడిగా తగులుతోంది. పాత కొబ్బరినూనె వాసన వేస్తోంది ఆ చాప. సులియేతి జుట్టు వాసన. ఏళ్ళ తరబడి ఆ తల ఆనిన చోటే ఇప్పుడు తన నుదురు ఆనుతోందని తెలిసి, ఫువాతినో అప్పుడు ఏడ్చింది. శబ్దం బయటికి రాకుండా, అరచెయ్యి కొరుక్కుని ఏడ్చింది.

చాలాసేపు ఏమీ లేదు. మంచం స్ప్రింగులు కదులుతున్నాయి, ఆగుతున్నాయి. ఆ కదలికకి అర్థం ఏమిటని వెతకడం మానేసిందామె. వెతికే హక్కు పోగొట్టుకుంది.

తర్వాత మంచం కిర్రుమంది. ఎవరో పక్కకి ఒత్తిగిల్లారు. చాప అంచు మీద వేళ్ళు పడ్డాయి. తడబడుతూ, జారుతూ, మళ్ళీ పట్టుకుంటూ. వదులుగా, గట్టిగా, వదులుగా.

చాప లేచింది. బెత్తెడు కూడా లేదు. నేల మీద సన్నటి వెలుతురు గీత ఒకటి మోకాళ్ళ దాకా వచ్చింది.

అంతలో ఆ చెయ్యి చివ్వున వెనక్కి పోయింది. చాప మళ్ళీ పడిపోయింది.

వెనక్కి తీసుకున్నది చెయ్యో, సులియేతో. ఫువాతినోకి తెలీలేదు. చాప కింద ఉన్నవాళ్ళు తల ఎత్తి చూడకూడదు.